తువ్వాలు వేసినా దొరకని సీటు

ఆర్టీసీలో పనిచేసి రిటైరైనవాడికి సీట్ల సంగతి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. సంక్రాంతి ముందు తెనాలి బస్టాండులో రేపల్లె బస్సు ఇంకా ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్ళూ చేతిసంచులూ, ఒక్కోసారి చంటిపిల్లలూ లోపలికి పోవడం చూసినవాణ్ణి. తువ్వాలు ముందు పడిందా, మనిషి ముందు కూర్చున్నాడా అన్న తగువులు తీర్చినవాణ్ణి. అలాంటి నాకు అమెరికాలో, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మా అమ్మాయి ఇంట్లో, ఇరవై నెలల మనవడికి కారు సీటు కొనే చర్చలో ఓటు హక్కు కూడా లేదని తేలింది.

వాణ్ణి ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన బకెట్ సీటు ఇరుకైపోయింది. దానికి పైన హ్యాండిల్ ఉంటుంది. నిద్రపోయే పిల్లాణ్ణి లేపకుండా, సీటుతో సహా పెరికి, కూరగాయల మార్కెట్ నుంచి వస్తున్నంత తాపీగా ఇంట్లోకి పట్టుకొచ్చేస్తారు. బరువు లెక్కన అయితే దానికింకా గడువుంది. 30 పౌండ్ల దాకా అని దానిమీద రాసుంది, మా బుజ్జిగాడు ఇంకా 26 దాటలేదు. కానీ తలకీ సీటు పైఅంచుకీ మధ్య అంగుళం ఖాళీ ఉండాలట. ఆ అంగుళం అయిపోయింది. బరువు, పొడుగు, ఏది ముందు హద్దు దాటితే ఆ రోజే సీటు దిగిపోవాలి.

వయసు ఎవరూ అడగకపోవడం నాకు వింతగా తోచింది. మా బస్సుల్లో అన్నీ వయసు మీదే నడిచేవి. అయిదేళ్ళ లోపు ఉచితం, పన్నెండు దాకా అర టిక్కెట్టు. మూడో తరగతి ఎక్కాలు అప్పజెబుతున్నవాడికి "మొన్నే నాలుగు నిండాయండీ" అనేది తల్లి. నూనూగు మీసాలవాడికి పన్నెండు నిండేవి కావు. కండక్టరు ఎవరి పుట్టినరోజు చూశాడు గనకా! ఇక్కడ టేపు పెట్టి కొలుస్తారు కాబట్టి ఆ వెసులుబాటు లేదు.

"ఎలాగూ కొత్తది కొంటున్నారుగా, ఇకనైనా పిల్లాణ్ణి ముందుకి తిప్పండర్రా" అంది మా ఆవిడ. "పుట్టిన దగ్గర్నుంచీ సీటు వీపు చూస్తూ కూర్చుంటున్నాడు. కాళ్ళు చూడండి, ఎలా ముడుచుకుపోయాయో."

"అమ్మా, వాడు బాసింపట్టు వేసుకుని హాయిగా ఉన్నాడే" అంది అమ్మాయి.

నిజమే. మనం సత్యనారాయణ వ్రతంలో అరగంట కూర్చుంటే లేవలేని భంగిమలో వాడు గంటలకొద్దీ బిస్కెట్లు తింటాడు. అమ్మాయి ఫోను తీసింది. వెనక్కి తిరిగి కూర్చోబెట్టాలన్న సలహాలో రెండేళ్ళు అనే గీత ఉండేదట. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2018లో దాన్నీ చెరిపేసి, సీటు బరువు, ఎత్తు హద్దులు అనుమతించినంత కాలం అలాగే ఉంచండి అందట. ఈ వయసు పిల్లలకి ఒంటితో పోలిస్తే తల పెద్దది, మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు. ముందుకి తిరిగి ఉన్నవాణ్ణి ప్రమాదంలో బెల్టులు ఒంటిని ఆపుతాయి గాని తలని ఆపేవాళ్ళు ఉండరు, భారమంతా మెడ మీద పడుతుంది. వెనక్కి తిరిగి ఉంటే తలా మెడా వీపూ కలిసి సీటుకి ఆనుకుంటాయి, దెబ్బ పంచుకుంటాయి. 1960లలో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే స్వీడన్ ఆయన జెమిని వ్యోమగాములు వీపు మీద భారం వేసుకుని పడుకునే కుర్చీలు చూసి, పిల్లలకూ ఇదే పద్ధతి మేలని తేల్చాడట. ఆ దేశంలో నాలుగేళ్ళ దాకా వెనక్కే.

"చంద్రుడి మీదకి పోయేవాళ్ళకీ ఫ్రిస్కో హనుమాన్ గుడికి పోయే మనకీ ఒకే సీటా?" అంది మా ఆవిడ. జెమిని చంద్రుడి దాకా పోలేదు, భూమి చుట్టూ తిరిగొచ్చింది అందామనుకున్నాను. అనలేదు. కాపురం చేస్తున్నాం.

ఆవిడ దగ్గర ఇంకో అస్త్రం ఉంది. "నిన్ను మీ నాన్న చేతక్ స్కూటరు ముందు నిలబెట్టి ఊరంతా తిప్పారు. పెరగలేదా?"

"పెరిగాను. ఇప్పుడు అక్కడా చట్టం ఉందమ్మా" అంది అమ్మాయి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని కారులో బెల్టుతో గాని పిల్లల సీటుతో గాని కట్టకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చారు. స్కూటరు మీద నాలుగేళ్ళ లోపు పిల్లాడుంటే వాడికి హెల్మెట్, వాణ్ణి పెద్దవాళ్ళతో కలిపి కట్టే పట్టీ ఉండాలని, బండి వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని 2022లో నిబంధన వచ్చింది. మా చేతక్ ఆ వేగం ఎలాగూ దాటేది కాదు, ఆ ఒక్క నిబంధన మటుకు మేం ముందునుంచే పాటించాం.

టెక్సాస్‌లో ఎనిమిదేళ్ళు నిండేదాకా పిల్లల సీటు తప్పదు, ఆ లోపే నాలుగడుగుల తొమ్మిదంగుళాలు దాటితే తప్ప. మా ఆవిడ ఎత్తు నాలుగడుగుల పదంగుళాలు. ఈ సంగతి వినగానే అందరం ఆవిడ వైపే చూశాం. ఆ పూట కాఫీ ఆలస్యమైంది.

దుకాణానికి వెళ్ళాం. వంద డాలర్లలోపు సీటు ఉంది, అయిదారు వందల సీటూ ఉంది. నా ఉద్యోగ బుద్ధి లేచింది. పల్లెవెలుగుకీ గరుడకీ ఉన్నంత తేడా ఉండాలి కదా, భద్రతలో? అన్నీ ఒకే కేంద్ర ప్రమాణం దాటాల్సిందే, గంటకి 30 మైళ్ళ వేగంతో గుద్దించే పరీక్ష అన్నిటికీ ఒకటే అన్నాడు అల్లుడు. మరి ఆ పైన పోసే వందలు దేనికి? మెత్తటి బట్ట, తేలిగ్గా బిగించే ఏర్పాటు, గ్లాసు పెట్టుకునే గూళ్ళు. ఒకదానికి రెండు గూళ్ళున్నాయి, కుడికొకటి ఎడమకొకటి. ఇరవై నెలలవాడు రెండు చేతుల్తో ఏం తాగుతాడో నాకు తోచలేదు.

నాకు నచ్చింది వేరే. పుట్టిన రోజు నుంచి పదేళ్ళ దాకా పనికొచ్చే సీటట. వెనక్కీ తిరుగుతుంది, ముందుకీ తిరుగుతుంది, చివర్న ఒట్టి ఎత్తుపీట అవుతుంది. మూడేళ్ళకి సరిపడా చొక్కా కుట్టించిన ఇంటివాణ్ణి కదా, "ఇదే తీసుకోండి" అన్నాను. అల్లుడు దాన్ని ఎత్తి చూపించాడు. అంత బరువు మోసి రెండు కార్ల మధ్య మార్చాలి. పైగా వెనక సీట్లో పక్కన అత్తగారు కూర్చోవాలి. ఆ చివరి మాట ఆయన మెల్లగా అన్నాడు, మా ఆవిడకు గట్టిగానే వినబడింది.

"కొనడమెందుకు బాబూ? మనవాళ్ళెవరో ఇస్తామన్నారుగా?" అన్నాను. ఉయ్యాల ఇంటింటికీ తిరిగే ఊరివాళ్ళం. ఇస్తామన్న సీటు తిప్పి చూస్తే చీటీ మీద గడువు తేదీ ఉంది, అది దాటిపోయింది. ప్లాస్టిక్ సీటుకి గడువేమిటి అని నేను నవ్వాను. ఎండకి మండి, చలికి బిగిసి ఆ ప్లాస్టిక్ పెళుసెక్కుతుందట. చాలా సీట్లకి ఆరు నుంచి పదేళ్ళే ఆయుష్షు. టెక్సాస్ ఎండలో మూసిన కారులోకి ఓసారి చెయ్యి పెట్టి చూశాక నాకు వాదించబుద్ధి కాలేదు. పైగా ఆ సీటు ఎప్పుడైనా గట్టి ప్రమాదంలో ఉందా లేదా అన్నది ఇచ్చేవాళ్ళకే తెలియాలి. పెళ్ళిసంబంధానికి అడిగినట్టు వాళ్ళనెలా అడుగుతాం?

చివరికి 17 అంగుళాల వెడల్పున్నది ఒకటి కొన్నారు. పక్కన మా ఆవిడ పట్టాలన్నదే ఆఖరి ప్రమాణం. వెనక్కి తిరిగి 40 పౌండ్ల దాకా, తర్వాత ముందుకి తిరిగి 65 దాకా.

కొనడం ఒక ఎత్తు, బిగించడం ఇంకో ఎత్తు. అల్లుడు సీటులో మోకాలు పెట్టి, ఒళ్ళంతా మోపి, బెల్టు లాగుతుంటే లోపల గజ ఈతగాడు దిగినట్టు కారు ఊగింది. బెల్టు దూరే చోట పట్టుకుని కదిపితే అంగుళం కన్నా ఎక్కువ కదలకూడదు. కారులో కిందనుండే కొక్కేలకి తగిలించవచ్చు, లేదా కారు బెల్టుతో బిగించవచ్చు. "రెండూ కట్టండి బాబూ, డబుల్ సేఫ్టీ" అన్నాను. "ఒక్కటే కట్టాలి మామయ్యగారూ, రెండు పుస్తకాలూ ఒప్పుకుంటే తప్ప" అన్నాడు. రెండు పుస్తకాలంటే సీటుదీ కారుదీ. కొక్కేలకీ బరువు హద్దుంది, పిల్లాడూ సీటూ కలిపి 65 పౌండ్లు. ఓవర్‌లోడ్ అనే మాట మా ఆర్టీసీలో నోటీసు బోర్డు మీద ఉండేది, వీళ్ళు నిజంగా లెక్కపెడుతున్నారు.

ఇంత చేశాక ఫైరు స్టేషనులో టెక్నీషియన్ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ఒక్క బకిల్ కూడా ముట్టుకోలేదు. మొత్తం విప్పించి అల్లుడి చేతే మళ్ళీ కట్టించింది. తర్వాత పిల్లాడి భుజం దగ్గర పట్టీని గిచ్చి చూసింది. వేళ్ళ మధ్యకి మడత వస్తే వదులున్నట్టు. ఛాతీ క్లిప్పు చంకల ఎత్తులో ఉండాలి. చలికాలం ఉబ్బు కోటు వేసి కట్టకూడదు, కోటు నలిగి పట్టీ వదులైపోతుంది. కోటు మాటకి అమ్మాయి తలూపింది. నాకు మాత్రం పట్టుపంచె గుర్తొచ్చింది. గుడికి వెళ్ళేటప్పుడు వాడికి జరీ ఉత్తరీయం, పంచె, మెడలో గొలుసూ వేసి మా ఆవిడ తయారు చేస్తుంది. ఇప్పుడవన్నీ సంచీలో వస్తున్నాయి. హనుమంతుడి గుడి పార్కింగ్‌లో, కారు డిక్కీ తెరిచి, దాని మీద నిలబెట్టి పంచె కట్టడం ఆవిడ కొత్త నేర్పు.

అంతా సుఖంగానే ఉంది, ఒక్క నాకు తప్ప. వెనక్కి తిరిగిన సీటు ఒకటి ఉంటుంది చూశారూ, అది తగినంత వాలాలంటే దాని ముందున్న పెద్ద సీటు ముందుకి జరగాలి. ఆ పెద్ద సీటు నాది. డ్యాష్‌బోర్డుకి మోకాళ్ళు ఆనించి, గడ్డం వాటి మీద పెట్టుకుని కూర్చుంటున్నాను. వెనకాల బుజ్జిగాడు మహారాజులా కాళ్ళు చాపి వెనక సీటు వీపుని తంతున్నాడు. "ఏమండీ, ఇంకాస్త ముందుకి జరగండి, పిల్లాడికి ఇరుగ్గా ఉంది" అంటుంది వాడి పక్కనుంచి మా ఆవిడ.

వాడు ముందుకి తిరగాలంటే 40 పౌండ్లు రావాలి. నా పాస్‌పోర్టులో ఉన్న స్టాంపు ఆరు నెలలది. అందుకే ఈ మధ్య పప్పన్నంలో వాడికి నెయ్యి నేనే వేస్తున్నాను, అమ్మాయి చూడకుండా మరో చెంచా.