పిల్లికి 84 సూదులు

మా రోజుల్లో పిల్లికి జబ్బు చేస్తే దాన్ని జబ్బని ఎవరూ అనేవారు కాదు. పొట్ట కుండలా ఉబ్బేది, వెన్నెముక వేళ్ళకు తగిలేది, పాలగిన్నె ముందు పెట్టినా మొహం తిప్పుకునేది. "నులిపురుగులే" అని పక్కింటి పిన్నిగారు తేల్చేసేవారు. నాలుగు రోజులకు ఏ గోడ చాటునో పోయేది. జాముల్‌లో ఉంటూ భిలాయి ఉక్కు ప్లాంటు షిఫ్టులకు తిరిగే మాకు పిల్లి వైద్యమా?

ఇప్పుడో? మా మనవరాలు గడియారం చూసి మరీ పిల్లికి సూది పొడుస్తోంది. 84 రోజులు, రోజూ అదే వేళకు! ఎఫ్‌ఐపీ అనే జబ్బట. దాన్ని తెచ్చేదీ కరోనా జాతి వైరసే. చాలా పిల్లుల పేగుల్లో ఊరికే పడి ఉంటుంది, కొన్నింటిలో మాత్రం రూపు మార్చుకుని ప్రాణం తీస్తుంది. 1963లో బోస్టన్‌లో జీన్ హోల్జ్‌వర్త్ అనే డాక్టరమ్మ ఈ జబ్బు గురించి మొదట రాసింది. అప్పటికి మా భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగి నాలుగేళ్ళు. ఆ తర్వాత అర్ధ శతాబ్దం దాకా ఈ జబ్బుకు మందే లేదు.

చివరికి కాలిఫోర్నియాలో నీల్స్ పెడర్సన్ అనే పెద్దాయన, గిలియడ్ కంపెనీ వారి జీఎస్-441524 అనే మందును 31 పిల్లులకు ఇచ్చి చూస్తే 25 బతికి బట్టకట్టాయి. 2019లో ఆ లెక్క అచ్చయింది. వైరస్ తన నకలు తీసుకునేటప్పుడు ఈ మందును తన సరుకే అనుకుని కలుపుకుంటుంది, అక్కడితో దాని పని ఆగిపోతుంది.

మా రోజుల్లో మందు కనిపెడితే కొట్లో దొరికేది. దీన్ని జంతువులకు అమ్మడానికి కంపెనీ ఒప్పుకోలేదు. దీని తోబుట్టువు రెమ్‌డెసివిర్ మీదే వాళ్ళ చూపంతా. ఆ రెమ్‌డెసివిర్ ఒంట్లోకి వెళ్ళాక రక్తంలో ఎక్కువగా తిరిగేది ఈ జీఎస్-441524 గానే! మన హైదరాబాద్ హెటిరో కూడా 2020లో దాన్ని కోవిఫర్ పేరుతో తెచ్చింది. ఆసుపత్రిలో ఉన్న కోవిడ్ రోగులకు వాడొద్దని అదే ఏడు నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అయినా 2021 వేసవిలో జనం ఒక్కో సీసా కోసం కాళ్ళరిగేలా తిరిగారు. మందు నిక్కచ్చిగా పనిచేసే పిల్లులకేమో దొంగచాటు చైనా సీసాలే గతి! బ్రిటన్‌లో 2021లో, అమెరికాలో 2024లో గానీ పిల్లుల మందుకు చట్టబద్ధంగా దారి తెరుచుకోలేదు.

పైగా డోసు పిల్లి బరువును బట్టట. అది ఒళ్ళు చేసేకొద్దీ మందూ పెరుగుతుంది. బాగుపడేకొద్దీ ఖర్చు పెంచే రోగిని మా రోజుల్లో నేనెరగను!