సొరుగులో సుత్తిని

మోకాలి చిప్ప కింద కొట్టి చూసే సుత్తిని నేను. స్టీలు కాడ, కొసన ముక్కోణపు రబ్బరు. కొడితే కాలు ఎగురుతుందని 1875లోనే జర్మనీలో ఎర్బ్, వెస్ట్‌ఫాల్ రాశారు. 1888లో ఫిలడెల్ఫియా వైద్యుడు టేలర్ నాకీ రూపమిచ్చాడు.

తిరువూరులో ఓ క్లినిక్ సొరుగులో, పాత చీటీల కింద పడి ఉండేదాన్ని. రబ్బరు గట్టిపడింది, అంచు పగిలింది. నా నెత్తిన బల్ల మీద ఎమ్మారై ఫిల్ములు పరుచుకునేవి. "పూసలు అరిగాయి, నరం నొక్కుకుంది" అనే మాట వినీవినీ విసిగిపోయాను. స్కాన్ అబద్ధం చెప్పదు. కానీ ఏ నొప్పీ లేని ఎనభై ఏళ్లవాళ్లలోనూ 96 శాతం మందికి డిస్కుల అరుగుదల కనిపిస్తుందని 2015లో ఓ పరిశీలన తేల్చింది. కనిపించిన అరుగుదలే జబ్బుకు కారణమని ఎలా అంటారు?

ఆ క్లినిక్‌కి వచ్చే ఓ మామిడి రైతుకు డెబ్బై దాటాయి. షుగరు లేదు. మూడు నెలలుగా కాళ్లు బరువెక్కుతున్నాయి, అరుగు ఎక్కలేకపోతున్నాడు. నడుముకి బెల్టు కట్టారు, ఆపరేషన్ అన్నారు. పంచె ముడి కూడా వేసుకోలేకపోతున్నానని ఆయన చెబుతూనే ఉన్నాడు. నడుం పూసలు చేతివేళ్లను ఎలా పడగొడతాయని ఎవరూ అడగలేదు.

కొత్తగా వచ్చిన డాక్టరమ్మ సొరుగు లాగింది. "బాబాయిగారూ, కాలు వదులుగా వేలాడెయ్యండి." కొట్టింది. కదలిక లేదు. రెండో మోకాలు, మోచేతులు, మణికట్లు... ఎక్కడా లేదు. ఆ వయసులో మడమ దగ్గర స్పందన తగ్గడం మామూలే, చేతుల్లోనూ పోవడం మామూలు కాదు. మెడలో వెన్నుపాము నొక్కుకుంటే కాళ్లు మరింత జోరుగా ఎగరాలి. నడుంలో ఇరుకైతే చేతులు బాగుండాలి.

బెజవాడలో నరాల పరీక్ష చేస్తే వేగం బాగా పడిపోయిందని తేలింది. వెన్నునీటిలో ప్రోటీన్ పెరిగింది, కణాలు పెరగలేదు. జబ్బు సీఐడీపీ. ఒంటి రక్షణ వ్యవస్థే నరాల మీది తొడుగును, కరెంటు తీగ మీది ప్లాస్టిక్ ఒలిచినట్టు ఒలిచేస్తుంది. 2025 ఫిబ్రవరిలో గుంటూరు పెద్దాసుపత్రి పేరుతో పేపర్లలో నలిగిన జీబీఎస్ (గిలాన్-బరే సిండ్రోమ్) దీనికి దగ్గర చుట్టమే. అది నాలుగు వారాల లోపే పడగొడుతుంది, ఇది ఎనిమిది వారాలు దాటినా ముదురుతూనే ఉంటుంది. స్టెరాయిడ్లు, రక్తనాళంలోకి ఎక్కించే యాంటీబాడీలు (ఐవీఐజీ), ప్లాస్మా మార్పిడి, ఇవీ దీనికి చికిత్సలు.

ఐవీఐజీ ఎక్కించాక ఆయన పంచె తానే కట్టుకున్నాడు. పాదాలు మొద్దుబారడం మాత్రం మిగిలిపోయింది. తొడుగు దాటి లోపలి తంతువు చెడేదాకా ఆలస్యం చేశారు. ఆ మూడు నెలల్లో ఆయన వచ్చి కూర్చున్న ప్రతిసారీ నేను మూరెడు దూరంలోనే ఉన్నాను.