బాకీ సర్కారుది.. తాకట్టు మనది!

అమెరికాలో బీఏ చదివితే అప్పు పిల్లగాడి పేరునే ఉంటుంది. నిజామాబాద్‌లో ఆ బాధ లేదు. ఇక్కడ ఫీజు రీయింబర్స్‌మెంట్ బాకీ సర్కారుది. కాలేజీ బీరువాలో ఇరుక్కున్న సర్టిఫికెట్టే మనోడిది.

'పైసలు కట్టు, టీసీ తీస్కపో' అంటది కాలేజీ.

'కొలువొస్తే కడ్త' అంటడు పిల్లగాడు.

'ముందు సర్టిఫికెట్ చూపియ్' అంటది కొలువు.

అయినా బీఏలో చదివిన అర్థశాస్త్రం వృథా పోలేదు. ఖాయిలా పరిశ్రమల పాఠానికి బోధన్ శక్కర్‌నగర్ ఉండనే ఉంది. అక్కడి చక్కెర ఫ్యాక్టరీ నిజాం షుగర్స్‌కు 2015 డిసెంబరులో లేఆఫ్ పడింది. ప్రాక్టికల్స్ పక్కూళ్లోనే, అదీ ఫ్రీ!

మళ్లీ తెరిపిస్తామన్న హామీ మాత్రం అచ్చం స్కాలర్‌షిప్ దరఖాస్తే. ఎన్నిక వచ్చినప్పుడల్లా రెన్యువల్.

బ్యాంకు సార్లూ! బీఏ పిల్లగాడి సిబిల్ స్కోరు తర్వాత, ముందు సర్కారుది చూడండి.