నేను లేడీస్ బోగీని

నేను పుట్టింది చెన్నై పెరంబూరు ఐ.సి.ఎఫ్. కర్మాగారంలో. బతుకంతా హైదరాబాదు పట్టాల మీదే. ఫలక్‌నుమా నుంచి లింగంపల్లికి తిరిగే ఎం.ఎం.టి.ఎస్. రైల్లో ఆడవాళ్ల పెట్టెను. ఈ రైళ్లు నగరంలో 2003 ఆగస్టులో మొదలయ్యాయి. రాత్రిళ్లు మౌలాలీ షెడ్డులో సేదదీరి, పొద్దున్నే మళ్లీ జనంలో పడతాను.

ముక్కూమొహం తెలియనివాళ్లు ఈ నగరంలో ఎలా దగ్గరవుతారని నన్నడిగితే, బండి ఆలస్యం వల్ల అంటాను. నేను నడిచే పట్టాలు నా ఒక్కదానివే కావు. దూరాభారం పోయే ఎక్స్‌ప్రెస్‌లూ గూడ్సు బళ్లూ వాటి మీదే వెళ్లాలి. సికింద్రాబాదులో ప్లాట్‌ఫారం ఖాళీ లేదంటే సీతాఫల్‌మండి దాటాక నన్ను సిగ్నల్ దగ్గర ఆపేస్తారు. కాసేపు ఎవరి గడియారం వాళ్లు చూసుకుంటారు. ఆ తర్వాత ఒకామె పక్కామెతో, ‘ఇయ్యాల గూడ లేటే, మా సారు తిడతడు’ అంటుంది. పక్కామె, ‘మా ఆఫీసులో అయితే వేలిముద్రండీ, సగం రోజు కట్’ అంటుంది. మాటలు అక్కడ మొదలవుతాయి. బండి కదిలాక కూడా ఆగవు.

ఇంకో కారణం కూడా ఉంది. నా బళ్లు తక్కువ. 2017 నవంబరు 29న మెట్రో ప్రయాణికులను ఎక్కించుకోవడం మొదలుపెట్టింది. అది కొద్ది నిమిషాలకొకటి వస్తుంది, ఒకటి పోతే ఇంకోటి. ఇవాళ పక్కన నిలబడ్డ మనిషి రేపు కనబడాలని లేదు. నా దగ్గర అలా కాదు. ఎనిమిదింటి బండి తప్పితే ఆ పూట పని తప్పినట్టే. అందుకే ఎనిమిదింటికి ఎక్కేవాళ్లు రోజూ వాళ్లే, కూర్చునే చోటూ అదే. మెట్రోను నేను తప్పుపట్టను, ఎండలో నిలబడ్డవాళ్లకు అది చల్లటి మేలు చేసింది. కానీ మనుషులు కలవడానికి ఒకే వేళా ఒకే చోటూ కావాలి. ఈ విషయంలో నా మాటే నిజమని నమ్ముతాను.

ముగ్గురి సంగతి చెబుతాను. యాకుత్‌పురాలో ఒక ఆపా ఎక్కేది. మగ్గం వర్క్ చేసిన జాకెట్టు గుడ్డలు పాత దుప్పట్లో మూటగట్టి చందానగర్ టైలర్లకు ఇచ్చి వచ్చేది. మలక్‌పేటలో బ్యాంకు అటెండరమ్మ ఎక్కి బేగంపేటలో దిగేది. విద్యానగర్లో హాస్టల్ పిల్ల, నరసరావుపేట వైపు నుంచి వచ్చింది, కొత్తగా హైటెక్ సిటీలో ఉద్యోగం. మొదటిరోజు తోపులాటలో ఆపా మూట తలుపు వైపు జారిపోతుంటే ఈ పిల్ల కాలు అడ్డంపెట్టి ఆపింది. ముడి ఊడి జరీదారం ఉండ ఒకటి నా నేల మీద దొర్లింది. దాన్ని ఏరుకొచ్చి ఇచ్చి, ‘కాస్త జరుగుతారా ఆంటీ’ అంది. ‘ఆంటీ ఏంది బిడ్డా, ఆపా అను’ అని అటెండరమ్మ చోటిచ్చింది.

సాయంత్రం బండిలో అటెండరమ్మ గోరుచిక్కుడు ఈనెలు తీసేది. కవరు ఒళ్లో పెట్టుకుని, తల ఎత్తకుండానే అందరి కబుర్లూ వినేది. పిల్ల సగం కాయలు లాక్కుని తుంచేది, ఆమెకది చేతకాక కాయలన్నీ నలిగేవి. ‘పోనీలే, కూరల నలిగిందే మంచిగుంటది’ అనేది పెద్దావిడ. రంజాన్ నెలలో బండి ఆలస్యమైతే, ఇఫ్తార్ వేళకు ఆపా చేతిలో ఖర్జూరం పెట్టడానికి ఇద్దరూ సంచిలో పొట్లం కట్టుకుని వచ్చేవాళ్లు. ఊళ్లో సొంత అక్కచెల్లెళ్ల మధ్య కూడా ఇంత చూసుకోవడం ఉంటుందో లేదో నాకు తెలియదు.

తర్వాత చీటీ వచ్చింది. అటెండరమ్మే పెట్టింది, బోగీలో పదిమందికి పైగా చేరారు. తమ్ముడి ఫీజు కోసం పిల్ల ముందే పాట పాడి ఎత్తుకుంది. ఆ తర్వాత కంపెనీ మారింది, జీతం ఆలస్యమైంది, రెండు నెలలు కట్టలేదు. అటెండరమ్మ తన చేతి డబ్బు వేసి మిగతావాళ్లకు సర్దింది. ఎవరూ గొంతు పెంచలేదు. ఒకరోజు పిల్ల ఎక్కి, తన చోటికి రాకుండా తలుపు పక్కనే నిలబడిపోయింది. పెద్దావిడ గోరుచిక్కుడు కాయల వైపే చూసింది. ఆపా ఇద్దరినీ మార్చిమార్చి చూసింది. బాకీ మూడో నెలలో పైసాతో సహా తీరింది. పిల్ల మళ్లీ వచ్చి కూర్చుంది కూడా. కాయలు మాత్రం మళ్లీ లాక్కోలేదు. నా బల్లల మీద పెద్ద పెద్ద పోట్లాటలు చూశాను, అవన్నీ వారంలో చల్లారేవి. ఈ మౌనమే ఎక్కువ కాలం నిలిచింది.

పిల్లకు పెళ్లి కుదిరినప్పుడు పెళ్లిజాకెట్టు ఆపానే కుట్టింది. చేతుల మీద నెమలి ఈకలు, ఒక్కో కన్నులో ఒక ఆకుపచ్చ రాయి. పెళ్లయ్యాక పిల్ల నల్లగండ్లకు మారింది, కారొచ్చింది, నా అవసరం తీరింది.

కరోనా వల్ల 2020 మార్చి 23న మమ్మల్ని ఆపేశారు. మళ్లీ పట్టాలెక్కింది 2021 జూన్ 23న, అదీ కొన్ని బళ్లతోనే. ఆ పదిహేను నెలల్లోనే అటెండరమ్మ రిటైరైంది. ఏళ్ల తరబడి నాలో తిరిగిన మనిషి ఆఖరి రోజు ఉద్యోగానికి ఎలా వెళ్లిందో, ఎవరు దిగబెట్టారో నేను చూడలేకపోయాను. బండి నడిచి ఉంటే ఆ సాయంత్రం బోగీ అంతా మిఠాయి పంచుకునేది. ఆ లోటు నాకు ఇప్పటికీ ఉంది.

మాస్కుల రోజుల్లోనే ఒక మధ్యాహ్నం చంటిబిడ్డతో ఒకామె ఎక్కింది. ఎదురుగా ఆపా. మూతి కనబడదు, కళ్లు చూసి ఎవరూ ఎవరినీ పోల్చుకోలేదు. బిడ్డను భుజం మార్చుకుంటుంటే పైట జరిగి జాకెట్టు చెయ్యి కనబడింది. ఆపా వంగి నెమలి కన్ను మీద వేలుపెట్టింది. ఒక రాయి ఊడిపోయి ఉంది. ‘ఇది నా చేతి పని’ అంది. ఇద్దరూ మాస్కులు కిందికి లాగి నవ్వారు. బిడ్డ పేరు, అత్తగారి ఆరోగ్యం, మగ్గం పనికి గిరాకీ లేకపోవడం, ఇవన్నీ రెండు స్టేషన్లలో అయిపోయాయి. తర్వాత ఇద్దరూ కిటికీలోంచి చూశారు. ప్రేమ తగ్గలేదు, రోజూ కలిసే అలవాటు పోయింది, మాటకు మాట అందలేదు. దిగబోతూ పిల్ల అడిగింది, ‘అటెండరమ్మ ఎలా ఉంది ఆపా?’ ‘మలక్‌పేటలోనే ఉంది. నీ గురించి అడుగుద్ది. నువ్వు ఫోన్ చెయ్యవంట.’

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బు లేదు. నా వాళ్లు చాలామంది బస్సులెక్కారు. పది రూపాయలు మిగిలినా మిగిలినట్టే, అది వాళ్ల పిల్లల పాలడబ్బు, వెళ్లాల్సిందే. ఎనిమిదింటి గుంపులు ఇప్పుడు చిన్నవైపోయాయి.

బళ్ల వేళలు వేసే అధికారులకు ఒక విన్నపం: పొద్దుటి ఆఫీసు బండిని రద్దు చేసేముందు, అరగంట అటూఇటూ జరిపేముందు ఒక్కసారి అందులో ఎక్కి చూడండి. ఆ వేళను నమ్ముకుని ఎవరెవరు ఎవరి పక్కన కూర్చుంటున్నారో తెలుస్తుంది. ఇక మీకు: ఒకప్పుడు నా బల్ల మీద మీ పక్కన కూర్చున్న మనిషి నంబరు మీ ఫోన్‌లో ఇంకా ఉండే ఉంటుంది. పాత బాకీ గుర్తొచ్చి చెయ్యి వెనక్కి పోయినా సరే, ఈ ఆదివారం ఆమెకు ఫోన్ చేయండి.