రేకు బోర్డు పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
పాత రేకు బోర్డు పదివేలకుం గొని
గోడమీద మేకు కొట్టువాడు
అప్పు రేపటంచు నతిథుల కెల్లను
చూపి కాఫి యిచ్చి సొక్కుచుండు

టీక: పాత = చేసే పని పోయిన; రేకు బోర్డు = దుకాణపు బోర్డును; పదివేలకున్ = పదివేల రూపాయలకు (దీని సంగతి చివర); కొని = బేరమాడినట్టు నటించి కొని; గోడమీద = ఇరవయ్యేళ్ల వాయిదాల ఫ్లాటు గోడమీద; మేకు కొట్టువాడు = కొట్టించినవాడు (డ్రిల్లు పట్టింది వడ్రంగి); అప్పు రేపు అటంచున్ = అప్పు రేపు అని; అతిథులకు ఎల్లను = తప్పించుకోబోయినవారితో సహా అందరికీ; చూపి = చూపించి; కాఫి ఇచ్చి = కథ అయ్యేదాకా లేవనివ్వక; సొక్కుచుండు = పరవశించుచుండును.

తాత్పర్యం: కిరాణా కొట్టులో ఊరికే దొరికే మాటను ఒకడు డబ్బిచ్చి కొని, హాల్లో తగిలించుకుని, మురిసిపోతున్నాడు.

విశేషాలు: ‘రేకు’ దగ్గర కాస్త ఆగాలి. కవి ఉద్దేశించింది పింగాణీ పూత రేకు. గాజుపొడిని ఇనప రేకుమీద పరిచి, దాదాపు 800 డిగ్రీల వేడిలో కాలిస్తే పూత ఇనుమును కరిచిపట్టుకుంటుంది. ఒక్కో రంగుకు ఒక్కో కాల్పు. అందుకే ఎండావానలకు దశాబ్దాలు నిలిచినా రంగు వెలిసిపోదు. రాయి తగిలితే మాత్రం పెచ్చు లేస్తుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. ముంబై చోర్ బజార్‌లోనో, కారైకుడి పాత సామాన్ల కొట్లలోనో కొనేవాడు ముందు గోటితో అక్షరం అంచు తడమాలి. పూత ఎత్తు గోటికి తగలాలి. కొత్త రేకుమీద అచ్చేసిన తుప్పు కంటికే తుప్పు, వేలికి నున్నటి బొమ్మ. ఇలాంటివి కొనేవాళ్లంటే నాకు జాలి లేదు. పాతదనం కావాలి గానీ పాతబడేంత ఓపిక లేదు వీళ్లకు.

‘మేకు’: పాత రంధ్రాల్లోనే, తలకింద మెత్తటి వాషరు వేసి బిగించాలి. మరీ బిగిస్తే రంధ్రం చుట్టూ పెచ్చులూడి పదివేలూ నేల రాలతాయి.

రెండో పాదం చివర ‘వాడు’, మూడో పాదం మొదట ‘అప్పు’. ఇక్కడ కవి సంధి చేయలేదు. వ్యాకర్తలు దోషమంటారు. అప్పుతో వాడికి సంధి ఎన్నటికీ కుదరదని ధ్వని.

‘అప్పు రేపు’: కొట్టులో ఈ మాట వేలాడిన చోటికి కిందనే, గల్లాపెట్టె పక్కన, నూనె మరకల అట్టతో ఖాతా పుస్తకం ఉండేది. బోర్డు వద్దంటున్నా చేయి పద్దు రాస్తూనే ఉండేది. ఆ పుస్తకాన్ని వదిలేసి బోర్డునొక్కటే ఇంటికి తెచ్చుకుంటే మిగిలేది పిసినారితనమే. డబ్బు సర్దమని అడగడానికి వచ్చిన బావమరిది దాన్ని చదివి, కాఫీ తాగి, వాతావరణం గురించి మాట్లాడి వెళ్లిపోయాడని వ్యాఖ్యాతల మాట. గోడ బ్యాంకుది, దానిమీద నీతి ఇంటాయనది కనుక విరోధాభాసాలంకారం.

కవి అమృతాంజనం బోర్డును ఎందుకు పట్టించుకోలేదో! 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో మొదలుపెట్టిన మందు అది. తెలుగువాడి గోడకు దానికంటే న్యాయమైన హక్కుదారు ఏది? కొత్త దంపతుల గదిలో కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం తగిలించినవారి గురించి కవి మౌనం వహించడం మాత్రం ఔచిత్యమే.

పాఠాంతరం: ఇల్లాలికి వినిపించే ప్రతిలో ‘పదివేలకుం’ బదులు ‘పదినూర్లకుం’ అని ఉంది. గణభంగం లేదు, గృహభంగమూ లేదు. రసీదు దొరికేదాకా ఈ పాఠమే గ్రాహ్యం.