రీల్సు చిన్నాయన లక్షణవిచారం

తిరుపతి, చిత్తూరు ప్రాంతపు కుటుంబాల్లో కొన్నేళ్లుగా పెరిగి స్థిరపడిన ఒక మనిషి రకాన్ని, ఇంతకన్నా మంచి పేరు దొరికేదాకా, రీల్సు చిన్నాయన అని పిలవవచ్చు. చిన్నాయన అంటే తండ్రికి తమ్ముడు. అయితే ఈ రకం కొన్ని ఇళ్లలో మేనమామగానూ, కొన్నింట పెద్దబావగానూ అగుపిస్తుంది కాబట్టి వరుసను ఇక్కడ లాంఛనంగానే తీసుకోవాలి. ఏదో ఒక ఆఫీసులో ముప్పై ఏళ్లు ఫైళ్ల మీద పొట్టి సంతకాలు పెట్టి రిటైరైన ఈ పెద్దమనిషి, అప్పటిదాకా పెళ్లిపత్రిక మీద అడ్రసు తప్ప మరేమీ రాసి ఎరగనివాడు, చేతికి మంచి కెమెరా ఉన్న ఫోను రాగానే, కంటబడినదాన్నల్లా నిలువు చట్రంలో పట్టి, దానికి పాట అద్ది, అక్షరాలు చల్లి, లోకానికి పంచిపెట్టడమే శేషజీవిత కర్తవ్యంగా స్వీకరిస్తాడు. రీలు అంటే, ఆ మాట ఇంకా ఎరగని అదృష్టవంతుల కోసం చెప్పుకుంటే, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే పొట్టి వీడియో. యూట్యూబ్‌లో దాన్ని షార్ట్ అంటారు. వాట్సాప్‌లో ఇరవై నాలుగు గంటలు నిలిచి మాయమయ్యేదాన్ని స్టేటస్ అంటారు. చిన్నాయన ఒకే వీడియోను ఈ మూడుచోట్లా పెడతాడు, నాలుగోసారి కుటుంబ గ్రూపులో పెడతాడు, ఐదోసారి ఇంటికి వచ్చి చూపిస్తాడు.

పొట్టి చలనచిత్రం కొత్త వింతేమీ కాదని ఆయన పక్షాన ఒప్పుకోక తప్పదు. 1895లో లూమియేర్ సోదరులు పారిస్‌లో టికెట్టు పెట్టి చూపించిన బొమ్మలు ఒక్కొక్కటీ నిమిషంలోపే అయిపోయేవి. వాటిలో ప్రసిద్ధమైన ఒకదానిలో ఫ్యాక్టరీ గేటు దాటి పనివాళ్లు బయటికి రావడం తప్ప మరో కథ లేదు, ఆ ఒక్క సంగతినే వేర్వేరుసార్లు మూడు రకాలుగా తీసిపెట్టుకున్నారు. కాబట్టి చిన్నాయన వదినగారిని గుమ్మం లోపలికి పంపి, "ఇంగోసారి పొయ్యి నడిసి రా వదినా, నవ్వతా రా" అని పురమాయించినప్పుడు, ఆయన సినిమా కళ పుట్టిన చోటుకే పోయి నిలబడ్డాడని వాదించవచ్చు. ఆయన వాదిస్తాడు కూడా.

మనదేశంలో ఈ రకం విస్తరించడానికి 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటాను చవక చేయడం ఒక కారణమైతే, టిక్‌టాక్ మరో కారణం. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించినప్పుడు పోయింది టిక్‌టాక్ ఒక్కటేనని చాలామంది తలచారు గానీ, ఆ జాబితాలోనే వీడియోలు కత్తిరించి అతికించే వివావీడియో, ఫోను నుంచి ఫోనుకు బొమ్మలు దాటించే షేరిట్ కూడా ఉన్నాయి. అంటే చిన్నాయనకు వేదిక, కత్తెర, రవాణా ఒకేరోజున చేజారాయి. ఇంట్లో మిగిలినవాళ్లు ఊపిరి పీల్చుకుని ఎంతోకాలం కాలేదు. మైల పదిరోజులు తీరేసరికి, జులై 8న, ఇన్‌స్టాగ్రామ్ ఇక్కడ రీల్స్ మొదలుపెట్టింది. సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చింది. కత్తెర పనికి కొరియావాళ్ల కైన్‌మాస్టర్ ఎలాగూ ఉండనే ఉంది. మొదట పదిహేను సెకన్లకే పరిమితమైన రీలు ఏటికేడు పెరిగి 2025 జనవరికి మూడు నిమిషాలైంది, షార్ట్ అంతకు మూడు నెలల ముందే ఆ కొలతకు చేరింది, ఈ పెంపుదలను స్వాగతించిన బంధువు మాత్రం ఇంతవరకు ఎవరూ లేరు.

చిత్రీకరణ విషయానికి వస్తే, అలిపిరి నుంచి తిరుమలకు కాలినడకన 3,550 మెట్లు. మామూలు భక్తుడు వాటిని ఒకసారి ఎక్కుతాడు, చిన్నాయనతో వెళ్లినవాళ్లు కొన్నింటిని రెండేసిసార్లు ఎక్కుతారు. పాదాల మండపం దగ్గర అందరూ కలిసి బయలుదేరే దృశ్యం, గాలిగోపురం దగ్గర చేరుకున్న దృశ్యం తప్పనిసరి కాగా, మోకాళ్ల పర్వతం దగ్గర, అంటే భక్తులు కొందరు మోకాళ్ల మీద ఎక్కే నిటారు మెట్ల దగ్గర, ఆయాసంతో మాట రాని మేనకోడలి ముఖానికి ఫోను ఆనించి "ఎట్లుందో ఒక మాట చెప్పు" అని అడగడం ఆయన దృష్టిలో వాస్తవికత. తలకోన జలపాతం 270 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది, రాష్ట్రంలో అంత ఎత్తయినది మరొకటి లేదు. అయినా ఆయన వీడియోలో నీళ్లు మూడు సెకన్లు, ఆ నీళ్లకు అడ్డంగా ఆయన మిగిలిన సమయమంతా ఉంటాడు. ఇంట్లో వేడివేడి రాగి సంగటి ముద్ద మీద నేతిచుక్క వేసి, పక్కన నాటుకోడి పులుసు పోసిన పళ్లేన్ని ఎవరూ ముట్టకుండా చేతులడ్డం పెట్టి, పొగ కెమెరాకు అగుపడేలా దీపం జరిపి, చివరికి తినండని సెలవిచ్చేవేళకు పొగతోపాటు వేడి కూడా పోయి ఉంటుంది.

ఇక్కడ భాష గురించి ఒక మాట చెప్పాలి. ఉద్యోగకాలమంతా పత్రికాభాషకు దగ్గరగా, కర్త కర్మ క్రియలు తప్పకుండా మాట్లాడిన మనిషి, 2021 డిసెంబరులో పుష్ప సినిమా వచ్చి చిత్తూరు యాసకు రాష్ట్రమంతటా గిరాకీ పెరిగిన తరువాత, కెమెరా ముందు మాత్రం చిన్నప్పుడు కూడా వాడని "ఏమప్పా, ఏం చేస్తా ఉండారు అందురూ" అనే పలకరింపుకు దిగాడు. రికార్డింగు ఆగగానే మళ్లీ "ఎలా ఉన్నారండీ" అంటాడు. అసలు యాస ఎరిగిన ఇంటి అవ్వ ఇది విని, వీనికేమైందని కోడలిని రహస్యంగా అడుగుతుంది.

తీసినదానికి మెరుగులు దిద్దడాన్ని ఎడిటింగ్ అంటారు, అది రాత్రి భోజనాల తరువాత జరుగుతుంది. నిలువు వీడియోకు వెడల్పు తొమ్మిది పాళ్లయితే ఎత్తు పదహారు పాళ్లు ఉండాలన్నది యాప్‌లవాళ్ల కొలత. పెళ్లిలో అడ్డంగా నిలబడ్డ ఇరవై మంది బంధువుల గ్రూపును ఈ చట్రంలో ఇరికించినప్పుడు రెండు కొసల ఉన్నవాళ్లు, సాధారణంగా పెళ్లికొడుకు తరఫువాళ్లు, తెగిపోతారు, దాని పర్యవసానం మరుసటి శుభకార్యందాకా కొనసాగుతుంది. మిగిలినవారి ముఖాల మీద ఎర్ర అంచు ఉన్న పసుపు అక్షరాలు పడతాయి. వీడియో వెనుక వినిపించే సినిమా పాటకు హక్కుదారులు ఉంటారనీ, వాళ్లు అభ్యంతరం చెబితే యాప్ ధ్వనిని తీసేస్తుందనీ ఆయనకు ఎవరెన్నిసార్లు చెప్పినా నమ్మడు. పాట పోయి మూగబోయిన వీడియోను చూసి, తన ఎదుగుదల గిట్టనివాళ్లెవరో ఫిర్యాదు చేశారని బంధువుల జాబితాను మనసులోనే ఒకసారి పరిశీలిస్తాడు.

ఈ ప్రతిభకు హద్దు పడేది కొండ మీదనే. శ్రీవారి ఆలయంలోకి ఫోను అనుమతించరు, క్యూలో ప్రవేశించే ముందే కౌంటరులో అప్పగించి రసీదు తీసుకోవాలి. ఆలయం ఎదుట, మాడవీధుల్లో రీల్సు చేస్తే చర్యలుంటాయని తిరుమల తిరుపతి దేవస్థానం 2025లో గట్టిగా హెచ్చరించింది కూడా. కంపార్టుమెంటులో, అంటే దర్శనానికి వంతు వచ్చేదాకా భక్తులను కూర్చోబెట్టే హాలులో, ఖాళీ చేతులతో కూర్చున్న చిన్నాయన అంత మంచి మనిషి జిల్లాలో దొరకడు: పక్కవాళ్ల ఊరడుగుతాడు, పసిపిల్లను ఎత్తుకుంటాడు, ఎప్పుడో చదివిన తాళ్లపాక అన్నమాచార్యుల సంగతులు చక్కగా వరుసతో చెబుతాడు. ఆ మాటలు ఎవరైనా రికార్డు చేసి ఉంటే ఆయన అన్ని వీడియోల్లోకీ మేలైనది అదే అయ్యేదన్న అనుమానం వినేవాళ్లకు కలుగుతుంది గాని, తీయడానికి ఫోను లేదు.

ఇంతమాత్రాన ఆయన పనంతా వ్యర్థమని తేల్చడం అన్యాయం. 2021 నవంబరు వానలకు కపిలతీర్థం దగ్గర కొండమీది నీరు గోడలా విరుచుకుపడి, మెట్లదారి మూసేసి, తిరుపతి పల్లపు వీధుల్లో నీళ్లు నిలిచినప్పుడు, ఏ రోడ్డు మునిగిందో ఏది తెరిచి ఉందో చెన్నైలో, బెంగళూరులో ఉన్న పిల్లలకు తెలిసింది మేడమీద గొడుగు పట్టుకుని నిలబడ్డ చిన్నాయనల వల్లనే. అదే వీడియోను ఆ తరువాత ప్రతి నవంబరులోనూ "ఇప్పుడే అందిన వార్త" అని పంపడం వేరే సంగతి. కనుమకు చంద్రగిరి దగ్గర ఎ.రంగంపేటలో జరిగే పశువుల పండగలో కొమ్ములకు పలకలు కట్టిన ఎద్దులు జనం మధ్యనుంచి దూసుకుపోవడాన్ని, మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం వరుసగా వీధుల్లో తిరగడాన్ని, మొక్కుకున్న మగవాళ్లు చీరకట్టి పూలు పెట్టుకుని అమ్మ దగ్గరికి పోవడాన్ని ఆయన ఏటేటా తీసి పెట్టిన ముక్కలు, పసుపు అక్షరాలు తొలగించగలిగితే, మంచి దస్తావేజులే. 2025 వేసవిలో తోతాపురి మామిడి ధర పడిపోయి, గుజ్జు ఫ్యాక్టరీల ముందు కాయల ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు, బంగారుపాళెం వైపు ఉండే ఆయన తోటి రకంవాళ్లు పాట లేకుండా, నవ్వు లేకుండా ఆ వరుసను నడుచుకుంటూ తీసినవి వాళ్ల జీవితంలోకెల్లా ఎక్కువమంది చూసినవి. ఎడిటింగ్‌కు అప్పుడు వాళ్లకు తీరిక లేదు.

మామూలు రోజుల్లో చూసేవాళ్ల కొరతే అసలు సమస్య. యూట్యూబ్ షార్ట్స్ ప్రకటనల ఆదాయంలో వాటా ఇవ్వాలంటే వెయ్యిమంది చందాదారులు, 90 రోజుల్లో కోటి వీక్షణలు ఉండాలన్నది ఒక నిబంధన. అంటే రోజుకు లక్షా పదకొండు వేలకు పైగా. చిన్నాయన ప్రేక్షకులు కుటుంబ గ్రూపులోని వాళ్లే, అందులోనూ సగంమంది గ్రూపును మ్యూట్‌లో, అంటే చప్పుడు రాకుండా, ఉంచినవాళ్లే. అందువల్ల ఆయన ఫోను చేస్తాడు. కుశలప్రశ్నలు లేకుండా "నిన్న పెట్టింది చూళ్లేదా?" అంటాడు. చూశామంటే ఏముందో చెప్పమంటాడు. ఒక వీడియోను ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయనివ్వకుండా వాట్సాప్ 2018లో మనదేశంలో పెట్టిన కట్టడి, పలుమార్లు చేతులు మారినదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపాలని 2020లో బిగించిన కట్టడి, పుకార్ల వ్యాప్తిని అడ్డుకోవడానికి ఉద్దేశించినవి. ఆయన వీడియోను ఫోనులో దాచుకుని ప్రతిసారీ కొత్తగా పంపి రెంటినీ ఓడించాడు. ఈ ఓపికలో పదోవంతు పింఛను కాగితాల మీద పెట్టి ఉంటే అరియర్సు ఎప్పుడో వచ్చేవని చిన్నమ్మ అభిప్రాయం. ఆయనను చూసి నవ్వే తరువాతి తరంవాళ్లు అర్ధరాత్రి దుప్పటి కింద, ముక్కూ మొహం తెలియనివాళ్ల చిన్నాయనలను వరుసగా పైకి తోసుకుంటూ చూస్తుంటారన్న సంగతి ఇక్కడ దాచడం నిజాయితీ కాదు.

అయితే తిరుపతిలో లైకుకు, అంటే నచ్చిందని నొక్కే గుర్తుకు, మరే ఊళ్లోనూ లేని విలువ ఒకటి ఉంది. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలై చూస్తుండగానే అయిపోతాయి. బ్రేక్ దర్శనానికి ప్రజాప్రతినిధుల సిఫార్సు లేఖ కావాలి, లేదా శ్రీవాణి ట్రస్టుకు పదివేలు విరాళమిచ్చి మరో అయిదు వందలు పెట్టి టికెట్టు కొనాలి. కాబట్టి తిరుపతిలో కాపురమున్న ప్రతివాడికీ కొండమీద పలుకుబడి ఉంటుందని విశాఖపట్నంలోని వియ్యంకుడు, వరంగల్‌లోని పాత సహోద్యోగి, డాలస్‌లోని పినతల్లి కొడుకు గట్టిగా నమ్ముతారు. నిజానికి స్థానికులకు నెలలో మొదటి మంగళవారం ఇచ్చే దర్శనానికి టోకెను కోసం చిన్నాయన కూడా వరుసలోనే నిలబడతాడు. తెల్లవారుజామున ఆయన పంపిన గోపురం వీడియోకు "సూపర్ అన్నా", "మీ వల్ల ఇంట్లోనే స్వామిని చూశాం" అని చేతులు జోడించిన బొమ్మలతో వచ్చే జవాబులను ఆయన కళాభిమానంగా లెక్కిస్తాడు, పంపినవాళ్లు అడ్వాన్సుగా లెక్కిస్తారు. మార్చిలో లైకు కొట్టినవాడు మే నెలలో ఫోను చేస్తాడు. పదకొండుమందికి దర్శనం, రెండు గదులు, వీలైతే సుప్రభాతం అంటాడు.

మొదట్లో ఈ ఫోన్లకు చిన్నాయన బెదిరి స్విచ్చాఫ్ చేసేవాడు, దానివల్ల వీక్షణలు పడిపోవడం గమనించి పద్ధతి మార్చాడు. ఇప్పుడు కాదనడు, ఔననడు. పేర్లు, వయసులు, ఆధార్ నంబర్లు పంపమంటాడు, పంపిన తరువాత గొంతు సవరించుకుంటాడు. "లెటర్ సంగతి నేను చూస్తా గదప్పా. నేను మొన్న పెట్టిన శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ వీడియో నువ్వు చూళ్లేదు, నాకాడ అగుపడతా ఉంది. ముందు అది పూర్తిగా చూసి, ఇంట్లో పదకొండుమంది చేతా సబ్‌స్క్రైబ్ చేయించి, ఆ తర్వాత ఫోన్ చెయ్యి."