ఫార్మాట్ కొట్టు వైద్యం

పని మధ్యలో డేటాబేస్ సాఫ్ట్‌వేర్ చెప్పాపెట్టకుండా మూతపడితే దానికి ఆఫీసుల్లో జరిగే వైద్యానికి మూడు దశలు: రీస్టార్ట్, రీఇన్‌స్టాల్, ఫార్మాట్. జబ్బేమిటన్న ప్రశ్న ఈ మూడింటిలో ఎక్కడా రాదు. 1992లో విడుదలైన మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఈ వైద్యానికి పాత రోగి. జీతాల పట్టీ కానివ్వండి, స్టాకు రిజిస్టరు కానివ్వండి, ఒక ఫారం తెరవగానే మొత్తం తెర మీది నుంచి మాయమవుతుంది. వెంటనే ఎవరో ఒకరు "వైరస్ ఎక్కింది" అంటారు. రుజువు అడగడం మర్యాద కాదు.

మొదటి దశను తప్పుపట్టనక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. తర్కం గాడి తప్పేది రెండో దశలో. యాక్సెస్ ప్రోగ్రాం వేరు, దానితో తెరిచే ఫైలు వేరు. పట్టికలు, క్వెరీలు, ఫారాలు, రిపోర్టులు, వీబీఏ కోడ్ అన్నీ ఉండేది ఆ ఏసీసీడీబీ ఫైల్లో. ఫైలు చెడిపోతే ప్రోగ్రాంను తీసేసి మళ్లీ ఎక్కించడమంటే, ఉత్తరంలో అక్షరదోషం ఉందని పోస్టాఫీసును పడగొట్టి కట్టడమే. ఫార్మాట్ వైద్యుడు ఊరినే పడగొడతాడు. సాయంత్రానికి విండోస్ కొత్తది, ఆఫీస్ కొత్తది, ప్రింటర్ మాత్రం పలకదు. పెన్‌డ్రైవ్‌లో దాచిన పాత ఫైలు మళ్లీ ఎక్కుతుంది, అదే ఫారం దగ్గర అదే విధంగా మూతపడుతుంది. అప్పుడు వచ్చే తీర్పు: "ర్యామ్ పెంచాలండీ."

ఈలోగా విండోస్ తన వంతు పని ఎప్పుడో చేసేసింది. ఈవెంట్ వ్యూయర్‌లో, అప్లికేషన్ లాగ్‌లో, 1000 నంబరుతో ఒక ఎంట్రీ రాసిపెట్టింది. ఏ ప్రోగ్రాం, ఎన్ని గంటలకు, ఏ మాడ్యూల్ దగ్గర పడిపోయిందో అందులో ఉంటుంది. మాడ్యూల్ పేరు వీబీఈ7 అయితే అనుమానం కోడ్ మీదికి పోతుంది, ప్రింటర్ డ్రైవర్‌ది అయితే ప్రింటర్ మీదికి. రిపోర్టు చూపే ముందు యాక్సెస్ డిఫాల్ట్ ప్రింటర్‌ను సంప్రదిస్తుంది కనుక, డ్రైవర్ చెడితే రిపోర్టు తెరవడంతోనే పడిపోవచ్చు. డిఫాల్ట్ ప్రింటర్ మార్చి చూడటం అర నిమిషం పని. అర నిమిషానికి బిల్లు వెయ్యడం కష్టం, అందుకే కాబోలు ఆ పని ఎవరూ చెయ్యరు.

కాస్త చదువుకున్న వైద్యులకు "కాంపాక్ట్ అండ్ రిపేర్" అనే సర్వరోగనివారిణి తెలుసు. ఈ మందు మంచిదే. రికార్డులు తుడిచేసినంత మాత్రాన ఫైలు చిక్కదు, కాంపాక్ట్ చేస్తేనే చిక్కుతుంది. యాక్సెస్ ఫైలుకు గరిష్ఠ పరిమితి 2 జీబీ కాబట్టి ఆ పని అవసరం కూడా. అయితే ఇది ఫైల్లో ఉన్నదాన్ని కొత్త ఫైల్లోకి ఎత్తిపోస్తుంది, ఎత్తలేని రికార్డులు పోవచ్చు. సరిచెయ్యలేకపోయినవాటిని ఎంసిస్‌కాంపాక్ట్‌ఎర్రర్స్ అనే పట్టికలో నమోదు చేస్తుంది. ఆ పట్టికను తెరిచిన పుణ్యాత్ములు అరుదు. ముందుగా ఫైలుకు ఒక నకలు తీసుకోవడం ఇంకా అరుదు.

ఇక అసలు రోగం చాలాచోట్ల ఫైల్లో కంటే దాన్ని వాడే తీరులో ఉంటుంది. సర్వర్‌లో ఒకే ఫైలు పెట్టి, ఆఫీసంతా షార్ట్‌కట్ల ద్వారా దాన్నే తెరుస్తారు. మేనేజరు గారు వైఫై మీద, క్యాంటీన్ నుంచి. రాత మధ్యలో కనెక్షన్ తెగితే సగం రాసిన పేజీ అలాగే మిగులుతుంది. 255 మంది ఒకేసారి వాడవచ్చన్న లెక్క ప్రచారపత్రానికి బాగుంటుంది, క్యాంటీన్ వైఫైకి ఆ సంగతి తెలియదు. దీనికి విరుగుడు పాతదే: పట్టికలు ఒక ఫైల్లో ఉంచి సర్వర్‌లో పెట్టడం, ఫారాలూ రిపోర్టులూ ఉన్న రెండో ఫైలును ఎవరి కంప్యూటర్‌లో వారికి విడిగా ఇవ్వడం. యాక్సెస్‌లోనే ఇందుకు డేటాబేస్ స్ప్లిట్టర్ ఉంది. దాన్ని వదిలేసి, పక్కనే కనబడే ఎల్ఏసీసీడీబీ లాక్ ఫైలును వైరస్ అనుకుని డిలీట్ చెయ్యబోతారు. విండోస్ ఒప్పుకోకపోతే అది వైరసేనని రూఢి అవుతుంది! ఒప్పుకోనిది, లోపల ఇంకెవరో పని చేసుకుంటున్నందువల్ల.

ఒకే ఒక్క ఫారం దగ్గర పడిపోయే కేసు మరోరకం. వీబీఏ కోడ్ ఫైల్లో రెండు రూపాల్లో ఉంటుంది: మనుషులు చదివే పాఠంగా, యంత్రం కోసం కంపైల్ చేసిన రూపంగా. రెంటికీ పొంతన చెడితే పతనమే. నకలు తీసుకుని, షిఫ్ట్ కీ నొక్కి పట్టి డీకంపైల్ స్విచ్‌తో తెరవడం, మళ్లీ కంపైల్ చెయ్యడం, అదీ కుదరకపోతే ఖాళీ డేటాబేస్‌లోకి అన్నిటినీ ఇంపోర్ట్ చేసుకోవడం మందు. పాత కోడ్‌ను 64 బిట్ ఆఫీస్‌లోకి తెచ్చినప్పుడు విండోస్ ఏపీఐ డిక్లరేషన్లనూ సరిచూడాలి.

నేరం నిజంగా తయారీదారుదే అయిన సందర్భాలూ లేకపోలేదు. 2019 నవంబరు 12న వచ్చిన సెక్యూరిటీ అప్‌డేట్ల తర్వాత, నిక్షేపంలా ఉన్న అప్‌డేట్ క్వెరీలను "కరప్ట్" అంటూ యాక్సెస్ 3340 ఎర్రర్ చూపించింది. చెడింది క్వెరీ కాదు, ఫైలూ కాదు, అప్‌డేటే. మైక్రోసాఫ్ట్ సవరణలు ఇచ్చేవరకూ ఉన్న దారులు రెండు: ఆ అప్‌డేట్‌ను తీసెయ్యడం, లేదా పట్టిక మీద ఒక సెలెక్ట్ క్వెరీ రాసుకుని దాని మీద మార్పు నడపడం. ఆ రోజుల్లో ఫార్మాట్ కొడితే, కొత్త విండోస్‌తో పాటు తాజా అప్‌డేట్లన్నీ దిగి అదే లోపం మళ్లీ కొత్తగా ఎక్కేది.